నేను చదివింది బియ్యం డబ్బాలు

మార్కాపురం పలకల షెడ్డులో నా చేతుల మీదుగా ఎన్ని పలకలు పోయాయో నాకే తెలియదు. రాతి పలకకు నాలుగు వైపులా చెక్క బిగించడం నా పని. ఎక్కడెక్కడి పిల్లలో వాటి మీద అఆలు దిద్ది పెద్ద పెద్ద ఉద్యోగాలకు పోయి ఉంటారు. బిగించినవాడు మాత్రం ఆరో తరగతి దాటలేదు. మొదటిసారి మందిరంలో వాక్యం చదవడానికి లేచినప్పుడు ఒక్క వచనానికి ఎంతసేపు తీసుకున్నానంటే, ముందు చాప మీదున్న ముసలామె అయిపోయిందనుకొని "ఆమెన్" అనేసింది. నేనింకా సగంలోనే ఉన్నాను.

అలాంటివాణ్ని ముప్ఫై ఏళ్లకు దగ్గరగా ఒకే పల్లెలో సంఘ కాపరిగా నిలబడ్డాను. మొన్న సేవకుల కూడికలో, కొత్తగా పనిలోకి వచ్చినవాళ్లు "మీ అనుభవాలు రాసివ్వండయ్యగారూ" అన్నారు. ఎన్ని బాప్తిస్మాలు ఇచ్చాను, ఏ సంవత్సరం గోడ కట్టించాను, ఎవరు నాకు శాలువా కప్పారు, ఇవన్నీ రాయను. శాలువాలు ఇప్పటికీ పెట్టెలో ఉన్నాయి, కావాలంటే వచ్చి కప్పుకోండి. ఈ పని నాకు నిజంగా ఎప్పుడు తెలిసిందో అది రాస్తాను. ఒక తప్పుతో తెలిసింది.

పిడికెడు

మా పల్లెకు పోవాలంటే మార్కాపురం నుంచి గిద్దలూరు పోయే దారిలో ఆటో దిగి, కందిచేల మధ్య నడవాలి. మా సంఘంలో ఎక్కువమంది కూలికి పోయేవాళ్లు. అక్కడ పాత అలవాటు ఒకటుంది. ఇంట్లో ఆడమనిషి ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్కన డబ్బాలో వేస్తుంది. అది దేవుని భాగం. ఆదివారం ఆ డబ్బా మందిరానికి తెచ్చి ముందున్న గంపలో పోస్తుంది. ఆ గంప సాయంత్రానికి అయ్యగారింటికి చేరుతుంది. అంటే మా ఇంటికి.

కోటా బియ్యం, సన్నబియ్యం, పాతవి, కొత్తవి అన్నీ కలిసిన గంప అది. వండితే ఒక మెతుకు మెత్తగా, ఇంకో మెతుకు పలుకుగా ఉండేది. మా ఇంటామె దీవెనమ్మ మొదట్లో విసుక్కునేది. తర్వాత అరగంట నానబెట్టడం కనిపెట్టింది. అప్పుడు అన్నీ ఒకటిగా ఉడికేవి. సంఘంలో గొడవ వచ్చినప్పుడల్లా ఆమె, "తొందరపడి పొయ్యి మీద పెట్టబాకు, నాననియ్యి" అనేది. నా ప్రసంగాలన్నిటికంటే ఆ ఒక్క మాటే ఎక్కువ పని చేసింది.

నవ్వించిన ఆదివారం

నాకు జనాన్ని నవ్వించడం ఇష్టం. ఒక నవ్వు పడితే చాలు, వాక్యం పక్కనబెట్టి రెండోదానికి పోతాను. ఆ ఏడు వానలు ఎగ్గొట్టాయి. ఒక ఆదివారం గంప దగ్గర నిలబడి చూస్తుంటే రత్నమ్మ వచ్చి డబ్బా వంచింది. రత్నమ్మ నాకంటే కొంచెం పెద్దది, అక్కా అని పిలుస్తాను. మొగుడు పోయాడు, మంచాన పడిన అత్తనూ ఇద్దరు ఆడపిల్లలనూ కూలి చేసి సాకుతోంది. డబ్బాలోంచి పడిన బియ్యం గంప అడుగును కూడా కప్పలేదు.

నేను ఆ డబ్బా తీసుకొని అందరికీ కనపడేలా పైకెత్తాను.

"రత్నమ్మక్క పిడికిలి ఈమధ్య కోడిపిల్ల కాలంత అయిపోయిందే. దేవునికి పెట్టేటప్పుడు చెయ్యి కొంచెం తెరువక్కా" అన్నాను.

మందిరమంతా నవ్వింది. రత్నమ్మ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. దాంతో నాకు ఇంకోటి వెయ్యాలనిపించింది, వేశాను. అది ఇక్కడ రాయను.

మధ్యాహ్నం అన్నం తింటూ ఈ సంగతి దీవెనమ్మకు గొప్పగా చెప్పాను. ఆమె ఆ వారం జ్వరంతో మందిరానికి రాలేదు. వడ్డిస్తున్న గరిటె పక్కన పెట్టింది.

"ఏమయ్యా, పిడికెడు ఎప్పుడు తీస్తారు?"

"వండినప్పుడల్లా."

"వారానికి ఎన్ని పూటలు?"

"పద్నాలుగు."

"ఆమె డబ్బాలో ఎన్ని పిడికెళ్లు ఉంటాయి?"

"ఆరో ఏడో."

"ఆ చెయ్యి నాకు తెల్సు. నా చెయ్యి కంటే పెద్దది. చెయ్యేం చిన్నది కాలేదు, పూటలు తగ్గినాయి. అది అడక్కుండా నవ్వించి వచ్చినావా?"

ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆ ముద్దలో రత్నమ్మ ఇంటి మెతుకులు కూడా ఉన్నాయి. ప్రతి ఆదివారం పల్లెలో ప్రతి ఇల్లూ తన వారం రోజుల సంగతి డబ్బాలో పోసి తెచ్చి నా ముందు పెట్టిపోతోంది. ఏ ఇంట్లో పొయ్యి ఎన్నిసార్లు వెలిగిందో అందులో ఉంది. నేను మాత్రం దాన్ని బియ్యమనే అనుకున్నాను.

ఇల్లు తప్పిన మూట

తప్పు చేసినవాడు తొందరపడి దిద్దుకోబోతే ఇంకోటి చేస్తాడు. నేను అదే చేశాను. సోమవారం పొద్దున, అందరూ పనులకు బయలుదేరే వేళ, గంపలో బియ్యం మూటగట్టి భుజానేసుకొని వీధి వెంట నడిచాను. నలుగురు చూస్తే మంచిదే కదా, వాళ్లూ నేర్చుకుంటారు అనుకున్నాను. రత్నమ్మ వాకిలి ఊడుస్తోంది.

"ఎవరికయ్యగారూ ఆ మూట?"

"నీకే అక్కా."

"ఇల్లు తప్పినారు. ఇది రత్నమ్మ ఇల్లు. అడుక్కునేవాళ్ల ఇల్లు ఇంకో వీధిలో యాడన్నా ఉంటదేమో చూడండి."

ఆమె గొంతు పెంచలేదు. అయినా వీధంతా విన్నది. మూట మళ్లీ మోసుకొని ఇంటికి వచ్చాను. పోయేటప్పటి కంటే వచ్చేటప్పుడు బరువెక్కింది.

తర్వాతి ఆదివారం ఆమె రాలేదు. ఆ పై ఆదివారం ఆమె ఆడబిడ్డ ఇల్లు రాలేదు, పక్కిళ్లు రాలేదు. ఆ రోజు బాగా నవ్వినవాళ్లు కూడా ఆగిపోయారు. నవ్వేటప్పుడు వాళ్లకు వాళ్ల డబ్బాలు గుర్తొచ్చి ఉంటాయి. రేపు మన డబ్బా ఎత్తి చూపిస్తాడేమో అనిపించి ఉంటుంది. మూడో ఆదివారానికి సగం చాపలు చుట్ట విప్పకుండా గోడకే ఉన్నాయి. ఇంకో నెల ఇలాగే పోతే రాకపోవడం వాళ్లకు అలవాటైపోతుంది, వాళ్లు లేకుండా పాడటం మాకు అలవాటైపోతుంది. సంఘాలు తగాదాలతో విరగడం తక్కువ. ఇలా అలవాటుతోనే విరుగుతాయి.

పత్తి సాలు

ఆ ఏడు బోరు ఉన్నవాళ్లకే పైరు. లక్ష్మమ్మ అనే రైతు పొలంలో కొంచెం పత్తి నిలిచింది. వాళ్లు తరాలుగా ఆ ఊరి రైతులు, తిరునాళ్లకు బండి కట్టేవాళ్లు, మా మందిరం గడప తొక్కే పని వాళ్లకు లేదు. రత్నమ్మ అక్కడ పత్తి ఏరుతోందని తెలిసి పొద్దున్నే పోయాను. నేనూ ఏరతానన్నాను. లక్ష్మమ్మ నన్ను పైనుంచి కిందికి చూసింది.

"మీరు ఏరే పత్తికి నేను కూలి ఇచ్చేది కాదయ్యగారూ, మీరే నాకు ఎదురియ్యాల" అంది. అయినా సంచి ఇచ్చింది.

రత్నమ్మ పక్క సాలు పట్టుకున్నాను. సగం సాలు దాకా ఆమె నా వైపు చూడలేదు. తర్వాత చూసింది నన్ను కాదు, నా సంచిని.

"ఆకు కాదు, పత్తి ఏరేది."

"అక్కా, తప్పు చేసినా."

"యా తప్పు?"

"నలుగురినీ నవ్వించినా."

"నేను గూడా నవ్వినా గదా. ఇంగేం గావాల మీకు?"

నేను ఇంకో ఆకు ఏరి సంచిలో వేశాను. ఆమె రెండు చెట్లు దాటాక తనే మొదలుపెట్టింది.

"నవ్వితే అయిపోయిందనుకుంటావు నువ్వు. వారంలో మూడు దినాలు పని దొరుకుతాంది. ఒక్కపూట వండి రెండు పూటలకు సర్దుతాండా. ఆ ఒక్కపూటకూ పిడికెడు తీసిపెట్టినా. దాన్ని నువ్వు ఎత్తి అందరికీ చూపించినావు."

"అట్లాంటప్పుడు తియ్యకుండా ఉంటే ఏమక్కా, దేవుడేమన్నా అడుగుతాడా?"

"తియ్యకుండా ఎసట్లో ఎట్ల పోసేది? చెయ్యి రాదు."

ఆ ఊళ్లో నన్ను 'నువ్వు' అన్న మొదటి మనిషి రత్నమ్మ. అప్పటిదాకా అందరూ మీరు, తమరు అనేవాళ్లు. నేను అయ్యగారినయ్యానని మురిసిపోయేవాణ్ని. వాళ్ల మనిషిని అయ్యింది మాత్రం ఆ పత్తి సాల్లోనే.

"మళ్లీ రావాలంటే ఏం చెయ్యాల?" అని అడిగాను.

"ఎవురి డబ్బా ఎవురికీ కనపడగూడదు. మూత పెట్టి తెస్తాం, మూత పెట్టే తీసకపోతాం."

"మరి మూత తీసి చూసేదెవరు?"

"నువ్వయితే కాదు."

మూతలు

దీవెనమ్మ, రత్నమ్మ కలిసి పెట్టిన పద్ధతి ఇది. నేను పెట్టానని చాలామంది నన్ను మెచ్చుకున్నారు. చాలాకాలం కాదనలేదు, ఇప్పుడు కాదంటున్నాను.

మందిరం పక్కన డప్పు, చాపలు పెట్టే చిన్న గది ఉంది. అందరూ డబ్బాలు మూతపెట్టి తెచ్చి అక్కడ పెడతారు. ఆరాధన జరుగుతుండగా ఆ ఇద్దరు లోపల గొళ్లెం పెట్టుకొని ఒక్కొక్క డబ్బా తీసి గంపలో పోస్తారు. పోసేటప్పుడే తెలిసిపోతుంది, ఏ ఇంటికి ఎన్ని పూటలు తగ్గాయో. తగ్గిన ఇంటి డబ్బా నింపి మూతపెడతారు. ఆరాధన అయ్యాక ఎవరి డబ్బా వాళ్లు తీసుకొని ఇంటికి పోవాలి, ఇంట్లోనే మూత తియ్యాలి.

మొదట మిగతా డబ్బాలు ఖాళీగా తిరిగిచ్చేద్దామనుకున్నారు. రత్నమ్మ ఒప్పుకోలేదు. "ఖాళీ డబ్బా చేతిలో మోగుతాది. మోగనిది ఎవురిదో దావలోనే తెలిసిపోతాది" అంది. అందుకని అన్ని డబ్బాల అడుగునా గుడ్డముక్క పరిచారు, తిరిగి పోయే ప్రతి డబ్బాలో రెండు పిడికెళ్లు వేశారు. ఉన్నవాళ్ల ఇంటికీ సంఘం బియ్యం పోయాయి, లేనివాళ్ల ఇంటికీ పోయాయి. అందరూ అందరివీ తిన్నారు.

పద్ధతి మొదలైన ఆదివారం నేను మొదటి పాట అయ్యేదాకా తలుపు వైపే చూస్తున్నాను. రెండో పాటలో రత్నమ్మ వచ్చింది. చాప వైపు రాలేదు, నేరుగా పక్క గదిలోకి పోయింది. లోపల గొళ్లెం పడిన చప్పుడు వినపడింది. నేను చెప్పిన ఏ ప్రసంగానికీ నాకంత ఆనందం కలగలేదు. తర్వాత రెండు మూడు వారాల్లో చుట్టిన చాపలన్నీ విప్పుకున్నాయి.

పెద్దయ్యగారు

మా మీద పెద్దయ్యగారు ఒకాయన ఉండేవారు, మార్కాపురం నుంచి అప్పుడప్పుడు వచ్చి చూసిపోయేవారు. చదువుకున్న మనిషి, నిజాయితీపరుడు. నవ్వడమొక్కటే ఆయనకు నేర్పలేదు ఎవరూ. గంప మా ఇంటికి చేరడం లేదని విని నన్ను పిలిపించారు.

"పిడికెడు బియ్యం సేవకుడి తిండి. నువ్వు పంచేస్తే నీ తర్వాత వచ్చేవాడు ఏం తింటాడు?"

ఇది మంచి ప్రశ్న. ఇప్పటికీ దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. కొత్తవాళ్లు నన్ను చూసి ఇల్లూ పిల్లల్నీ మర్చిపోయి పంచేయకండి. మా గంపలో మిగిలింది మాకూ వచ్చేది, కాకపోతే చివర్లో వచ్చేది. చాలని వారాలుండేవి. అందుకని నేను వారానికి మూడు రోజులు మళ్లీ పలకల షెడ్డుకు పోవడం మొదలుపెట్టాను. అది విని ఆయనకు ఇంకా కోపం వచ్చింది.

"సేవకుడు చెక్కపనికి పోతే సంఘానికి పరువేముంటుంది?"

"మనం మొక్కేది కూడా చెక్కపని చేసినాయనకే గదయ్యా" అన్నాను.

ఆయన నవ్వలేదు. నా ఉద్యోగం పోయిందనుకున్నాను. తర్వాతిసారి వచ్చినప్పుడు బస్సు దిగి నడుచుకుంటూ వస్తున్న ఆయన చంకలో ఒక స్టీలు డబ్బా ఉంది. మూత పెట్టి ఉంది. మాట్లాడకుండా పక్క గదిలో పెట్టి వచ్చి కుర్చీలో కూర్చున్నారు. వాళ్లింట్లో అమ్మగారు కూడా పిడికెడు తియ్యడం మొదలుపెట్టారట. నా మీదున్న పెద్దల్లో నేను తల వంచింది ఆయనకొక్కరికే.

రెండు డబ్బాలు

కొన్నేళ్లకు రత్నమ్మ ఒక ఆదివారం రెండు డబ్బాలు తెచ్చింది. గడప దగ్గరే ఆపాను.

"ఏందక్కా, రెండిళ్లు పెట్టినావా?"

"నువ్వు అడగనని మాటిచ్చినావు."

నిజమే, ఆ పద్ధతి పెట్టినప్పుడే ఇచ్చాను. నోరు మూసుకున్నాను. ఆ రెండో డబ్బా ఒక పంటకాలమంతా వచ్చింది, పోయింది. తర్వాత దీవెనమ్మ చెబితే తెలిసింది, అది లక్ష్మమ్మ ఇంటిది. బోరు ఎండింది, ఆమె భర్త మంచాన పడ్డాడు. కూలివాళ్లకు మధ్యాహ్నం చల్ల పోసే ఇల్లు అది. ఒక రోజు చల్ల రాలేదు, మరుసటి రోజూ రాలేదు. రత్నమ్మ ఏమీ అనకుండా పోయి, "అమ్మా, నువ్వు గూడా వండినప్పుడల్లా పిడికెడు తీసి నాకియ్యి, మా మందిరానికి" అని అడిగిందట. లేని ఇంటికి పోయి ఇయ్యమని అడిగింది. పుచ్చుకో అంటే లక్ష్మమ్మ తలుపేసుకునేది. ఇయ్యమంటే పిడికెడు ఇచ్చింది. డబ్బా నిండి తిరిగి పోయింది. నేనైతే మళ్లీ మూట భుజానేసుకొని వీధి వెంట పోయేవాణ్ని.

వానలు తిరిగి పడిన ఏడు లక్ష్మమ్మ మా మందిరం ముందు బండి ఆపింది. బండి మీద కందుల మూట.

"మీ దేవునికి కందులు పడతాయా అయ్యగారూ?"

"ఆయనకేం పెట్టినా పడతాదమ్మా. రాళ్లు ఏరుకునేది నేనే."

ఆమె లోపలికి రాలేదు, రమ్మని నేను అడగలేదు. ఆ తర్వాత ప్రతి ఏడూ వాళ్ల కందులు వచ్చాయి, వాళ్లింట్లో చావుకు మా చాపలు పోయాయి. ఒక కూడికలో ఎవరో, "ఆ కుటుంబానికి బాప్తిస్మం ఇచ్చారా?" అని అడిగారు. "లేదు, వాళ్లే మాకు పప్పన్నం పెట్టినారు" అన్నాను. అతను నా జవాబు ఎక్కడ రాసుకోవాలో తెలియక పెన్ను మూసుకున్నాడు.

కొత్తవాళ్లతో ఒక మాట

మీరు నాకంటే చదువుకున్నవాళ్లు, ఫోన్లో లైవ్ పెట్టి ప్రసంగాలు చెప్పగలవాళ్లు. మంచిదే. నేను లైవ్ పెడితే జనం ఫోన్ చెడిపోయిందనుకుంటారు, అంత నెమ్మదిగా చదువుతాను. కానీ పెద్ద సౌండు బాక్సులు కొనే ముందు మీ ఊళ్లో ఎవరింట్లో పొయ్యి ఎన్నిసార్లు వెలుగుతోందో తెలుసుకోండి. మీ ఊళ్లో బియ్యం డబ్బాలు లేకపోతే ఇంకేదో ఉంటుంది. పాటలో గొంతు కలపని మనిషి ఉంటాడు, ఎప్పుడూ వెనక చాప మీదికే పోయే ఆమె ఉంటుంది. అది చదవండి. చదివింది మైకులో చెప్పకండి. ఇంకో సంగతి, ఎవరిని నొప్పించారో వాళ్ల చేతికే తాళం ఇవ్వండి. మా సంఘంలో నేను చేసిన మంచి నియామకం రత్నమ్మ ఒక్కటే, అదీ ఆమె పెట్టిన షరతు.

గర్వం పాపమని నేనే ఎన్నోసార్లు బోధించాను. అయినా ఆ పక్క గది గురించి నాకు గర్వమే. ఆ పల్లెలో ఆ తర్వాత వానలు ఎన్నిసార్లు తప్పినా పొయ్యి వెలగని ఇల్లు మాకు తెలియకుండా లేదు.

నా డబ్బా

పని దిగిపోయాక ఆ ఊళ్లోనే ఉండిపోయాం. కొత్త అయ్యగారు వచ్చాడు, మంచి పిల్లవాడు, వేగంగా చదువుతాడు. నేనిప్పుడు చాప మీద కూర్చునే మనిషిని. మాకూ ఒక డబ్బా ఉంది.

పోయిన ఏడు దీవెనమ్మ మా కూతురి కాన్పుకని పొదిలి పోయింది, రెండు నెలలు రాలేదు. నా మోకాళ్లు పొయ్యి దగ్గర కూర్చోనివ్వడం లేదు. పొద్దున ఒక్కసారి వండుకొని, మాపటికి అందులోనే చల్ల కలుపుకొని తినేవాణ్ని. కొన్ని రోజులు అదీ లేదు. ఎవరడిగినా, "అమ్మగారు లేరని నోరు రుచి మరిగింది, లావైపోతాండా" అని నవ్వించేవాణ్ని. అందరూ నవ్వేవాళ్లు. వండినప్పుడల్లా పిడికెడు మాత్రం తీశాను. చెయ్యి రాదని రత్నమ్మ అన్నది అప్పుడు నాకు నిజంగా తెలిసింది.

ఒక ఆదివారం ఇంటికొచ్చి మూత తీస్తే డబ్బా అంచుదాకా బియ్యం ఉన్నాయి. పైన చిన్న సీసాలో ఊరగాయ కూడా ఉంది.

నాకు సిగ్గేసింది. ఇన్నేళ్లు ఆ గది బయట నిలబడి గర్వపడ్డవాణ్ని, ఆ గదిలోంచి ఒక డబ్బా నాకు వస్తుందని ఎన్నడూ అనుకోలేదు. పై ఆదివారం ఆరాధన మొదలుకాక ముందే పోయి పక్క గది తలుపు తట్టాను. రత్నమ్మ సగం తెరిచింది. జుట్టంతా నెరిసింది, కళ్లద్దాలు పెట్టుకుంది, చెయ్యి మాత్రం అంతే పెద్దది.

"అక్కా, పోయినవారం డబ్బాలు మారిపోయినట్టుండాయి. నాది బరువుగా వచ్చింది."

"ఏం మారలేదు. అయ్యగారి పిడికిలే ఈమధ్య కోడిపిల్ల కాలంత అయింది. పోయి చాప మీద కూచో" అని గొళ్లెం పెట్టుకుంది.